ఆయిల్ డబ్బాలకి ఒక సీటు

మార్చి 3, సోమవారం

పాడైపోయిన స్పీకరు విప్పి అందులోంచి అయస్కాంతం బయటికి తీశాను. పొద్దుటినుంచీ దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాను. కిటికీ ఊచలు అంటుకున్నాయి, అందులో వింతేం లేదు. స్టీలు గ్లాసు అంటుకోలేదు. దాని పక్కనే, దాని తోబుట్టువులా మెరిసే స్టీలు పళ్ళెం మాత్రం టక్కున అంటుకుంది. ఒకే అలమారు, ఒకే మెరుపు, రెండు స్వభావాలు! ఇన్నేళ్ళుగా వాటిలోనే తింటున్నాను, తాగుతున్నాను, ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు.

మా ఆవిడ కుట్టుమిషను తల విప్పుకుని, చేతుల నిండా నూనెతో కూర్చుని ఉంది. మిషను మీద కూడా పెట్టి చూడబోయాను.

"దాని జోలికి రాకండి. సూదులకి అయస్కాంతం పట్టిందంటే ఒకదాన్నొకటి వదలవు. అంత సరదాగా ఉంటే మీ తలకి పెట్టుకుని చూసుకోండి, అంటుకుంటుందేమో!"

పెట్టుకుని చూశాను. అంటుకోలేదు.

ఈ హడావిడంతా వ్యాను కోసం. కుట్టుమిషన్లు బాగుచేయడం మా ఆవిడ వృత్తి. జనం మిషన్లు మోసుకుని తన దగ్గరికి రావడం చూసి చూసి విసుగెత్తి, అరవై దాటాక డ్రైవింగు నేర్చుకుని, ఒక పాత వ్యాను తీసుకుంది. ఏప్రిల్‌లో బయల్దేరి, వానలు మొదలయ్యేదాకా ఊరూరూ తిరిగి, దర్జీల గుమ్మాల ముందే మిషన్లు బాగుచేస్తుందట. తోడు మా చెల్లెలు. ముందు సీట్లు రెండే. వెనక అంతా ఖాళీ రేకు. అందులో రెండువైపులా ర్యాకులూ సొరుగులూ కట్టే పని నాది.

నన్నూ అడిగింది లెండి. "మీరూ వస్తారా?" అని. నేను పేపరులో తల పెట్టి ఉన్నాను. "ఉద్యోగమంతా బస్సులో నిలబడే గడిపాను. ఇప్పుడు మళ్ళీ ఆ రేకుడబ్బాలోనా?" అన్నాను. మా ఆవిడ ఏదైనా ఒక్కసారే అడుగుతుంది. ఇంకొంచెం వడ్డించనా అన్న మాట కూడా రెండోసారి ఆమె నోట రాదు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలియక, మొహమాటానికి వద్దని, సగం ఆకలితో లేచిన రోజులున్నాయి.

సరే, వెళ్ళేది వాళ్ళు. ర్యాకులు కట్టేది నేను. లోహాల సంగతేమిటో తెలుసుకోవాలని కుతూహలం, అంతే.

మార్చి 4, మంగళవారం

ఇనప కొట్టుకి వెళ్ళాను. కొట్టు ఆయన ఒకప్పుడు రోజూ నా బస్సే ఎక్కేవాడు. ఎన్నిసార్లు చెప్పినా లోపలికి రాకుండా మెట్టు మీద వేలాడేవాడు. నన్ను చూడగానే రెండు చేతులూ ఊపుతూ అరిచాడు.

"లోపలికి జరగండి కండక్టరు గారూ, లోపలికి జరగండి! మధ్యలో బోలెడు ఖాళీ ఉంది!"

పాత కక్ష. తీర్చుకోనిచ్చాను.

వ్యానులో ర్యాకులకి ఏ లోహం మంచిదని అడిగాను. "యాంగిలు వేసెయ్యండి, వెల్డింగు కొట్టిస్తా, మీ మునిమనవలు కూడా వాడుకుంటారు" అన్నాడు. ఎల్ ఆకారంలో ఉండే ఆ ఇనప బద్దే అతనికి ఏ ప్రశ్నకైనా జవాబు. అతని కొట్లో యాంగిలే ఎక్కువుంది మరి.

నేను ఊరుకోలేదు. బరువులో ఇంచుమించు సమానంగా ఉన్న రెండు ముక్కలు ఏరుకున్నాను. ఒకటి యాంగిలు, ఒకటి స్క్వేరు పైపు. ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా పట్టుకుని తడిబట్ట పిండినట్టు పిండాను. యాంగిలు కాస్త ఒళ్ళు తిప్పింది. స్క్వేరు పైపు ససేమిరా అంది. తమాషా ఏమిటంటే, దాని కడుపులో ఉన్నది వట్టి గాలి. ఆ గాలికి నాలుగువైపులా గోడ కట్టేసరికి దానికంత పట్టుదల వచ్చింది.

బెజ్జాల యాంగిలు కూడా చూశాను. గోడౌన్లలో ర్యాకులకి వాడేది. ఎక్కడ కావాలంటే అక్కడ బోల్టు వేసుకోవచ్చు. చూడగానే ముచ్చటేసింది, కానీ అది కదలనిచోట పనికొచ్చే సరుకు. బస్సులో నేను నేర్చుకున్న చదువల్లా ఒకటే: కదిలే బండిలో ఏదీ బిగించినచోట ఉండదు. ఒకసారి నా బస్సులో కిటికీ ఫ్రేము మొత్తం ఒకావిడ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని అలాగే పట్టుకుని, దిగేచోటు వచ్చేదాకా దాంట్లోంచే బయటికి చూస్తూ కూర్చుంది.

జీఐ పైపు సంగతి అడిగితే కొట్టు ఆయన మొహం మాడ్చుకున్నాడు. "తుప్పు పట్టదు, నిజమే. పైన జింకు పూత ఉంటుంది కదా! కానీ వెల్డింగు పెడితే ఆ పూత పొగైపోతుంది. ఆ పొగ పీల్చి నేనొకసారి మూడు దుప్పట్లు తలదాకా ముసుగేసుకుని వణికాను. మా ఆవిడ నన్ను చూసి ఎవరో కొత్త కోడలనుకుంది."

రకానికి జానెడు ముక్క చొప్పున కోయించి తెచ్చుకున్నాను. శాంపిల్స్. ఒక చెక్కపెట్టెలో పెట్టాను.

మార్చి 6, గురువారం

మా ఆవిడ లెక్క చెప్పింది. బండి మోయగలిగేది ఇంత. మిషన్లు, మోటార్లు, స్టాండ్లు, సామాన్లు ఇంత. ఆడవాళ్ళిద్దరూ ఇంత. స్క్వేరు పైపుతో ర్యాకులు కడితే నూట అయిదు కిలోలు అవుతుందని నేను చెప్పాను. అన్నీ కలిపింది.

"సరిగ్గా సరిపోయింది" అంది. "ఇంక ఒక పిల్లి కూడా పట్టదు."

"పిల్లినెవరు తీసుకెళ్తారు?" అన్నాను.

"ఎవరూ తీసుకెళ్ళరు. మాటవరసకి అన్నాను."

మార్చి 7, శుక్రవారం

ఇనుము వద్దు. తుప్పు పడుతుంది. బరువు కూడానూ.

మార్చి 9, ఆదివారం

అల్యూమినియం!

నాలుగువైపులా గాడులు తీసిన కడ్డీలు ఉన్నాయట, గాడిలో నట్టు జారవిడిచి ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవడమే, వెల్డింగు అక్కర్లేదట. ఎక్కడో చదివి, కిటికీల పనిచేసే షాపుకి పరుగెత్తాను. అల్యూమినియం కదా, దూదిలా ఉంటుందని ఒంటిచేత్తో ఎత్తబోయాను. భుజం కలుక్కుమంది. గాడులకోసం లోపలా బయటా అంత లోహం పోస్తారు మరి, మన స్క్వేరు పైపుకేం తీసిపోదు. పేరు చూసి మోసపోవడమంటే ఇదే. ముచ్చటపడి ఒక ముక్క మాత్రం తెచ్చుకున్నాను. పెట్టెలో పెట్టాను.

ఆ పక్కనే అల్యూమినియంలోనే పలచటి స్క్వేరు పైపు ఉంది. దాన్నెత్తితే నవ్వొచ్చింది. బరువున్నట్టే లేదు. ఇంటికొచ్చి లెక్క వేశాను. మొత్తం ర్యాకులు కలిపి నలభై కిలోలు!

ఇనుముతో పోలిస్తే అరవై అయిదు కిలోలు మిగులు. ఏదో ఒకటి పెట్టుకోవచ్చు.

వచ్చేటప్పుడు మందుల షాపు ముందు బరువు చూసే మిషను కనబడితే ఊరికే ఎక్కాను. అరవై ఒకటి.

మార్చి 11, మంగళవారం

సీసాలో ఉప్పునీళ్ళు పోసి, ఒక అల్యూమినియం ముక్కకి ఇనప బోల్టు బిగించి అందులో పడేశాను. కిటికీలో పెట్టి గంటకోసారి వెళ్ళి చూస్తున్నాను. మా ఆవిడ కూడా వచ్చి చూసింది.

"ఏమిటి ఊరేస్తున్నారు?"

"రెండు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే ఒకటి ఇంకోదాన్ని తినేస్తుందట."

"ఏది దేన్ని?"

"తినబడేది అల్యూమినియం. తెల్లటి పొడి రాలుతుందట. ఇనుముకి ఏమీ కాదు, ఇంకా నిగనిగలాడుతుంది."

నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మరి మీరెందుకు పొడి కాలేదు ఇన్నేళ్ళలో?"

మా చెల్లెలు గుమ్మంలోనే ఆగి విన్నట్టుంది. "దానికి విరుగుడేమైనా ఉందా అన్నయ్యా?"

"రెండింటి మధ్యా రబ్బరు ముక్క పెట్టాలి. సైకిలు ట్యూబు కోసి పెడితే చాలు."

"అదన్నమాట సంగతి! మీ ఇద్దరి మధ్యా ఈ ఇంట్లో ట్యూబు ముక్కని నేనే! ఎటు లాగినా నాకే నలుగుడు."

మా ఆవిడ నవ్వింది. చెల్లెలు ఉంటే ఆమెకి నవ్వు తొందరగా వస్తుంది. ఇద్దరూ కలిసి ప్రయాణంలో ఎంత నవ్వుతారో. నవ్వనీ.

మార్చి 13, గురువారం

తెల్లటి పొడి వచ్చింది! నిజంగానే వచ్చింది! సీసా పట్టుకుని వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చూపించాను. పాలాయన ఆగి చూసి, నీళ్ళు మార్చమన్నాడు.

మార్చి 15, శనివారం

పాత బస్సుల్ని విరగ్గొట్టి అమ్మే యార్డుకి వెళ్ళాను. లోపల జనం పట్టుకునే కడ్డీలు ఉంటాయే, నడవ పైన పొడుగ్గా, అవి అల్యూమినియం. బలంగా ఉంటాయి, తేలిగ్గా ఉంటాయి. నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? నా ఎడంచేయి వాటిమీదే అరిగింది. కుడిచేత్తో టిక్కెట్లు, ఎడంచేత్తో కడ్డీ. మలుపు రాబోతోందని కాళ్ళకంటే ముందు ఆ చేతికే తెలిసేది. మూలల్లో బిగించడానికి ఓ నాలుగు తెచ్చుకుంటే చాలనుకున్నాను.

ఒక బస్సులోకి ఎక్కి కడ్డీ పట్టుకున్నాను. అదే నునుపు. ఎందుకైనా మంచిదని జేబులోంచి అయస్కాంతం తీశాను.

టక్కుమని అతుక్కుంది.

ఇంకో కడ్డీ. టక్. ఇంకో బస్సు. టక్. యార్డువాణ్ణి అడిగి ఒకటి కోయించాను. లోపలంతా ఇనప పైపు, పైన కాగితమంత మందాన మెరుగు తొడుగు. ఉద్యోగమంతా పట్టుకుని వేలాడినదాన్ని వేరే ఏదో అనుకున్నాను! ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. యార్డువాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

కోసిన ముక్క పెట్టెలో పెట్టాను.

ఆ బస్సులో తలుపు పక్కన కండక్టరు సీటు ఉంది. మడత సీటు, లేస్తే దానంతటదే గోడకి ఆనుకుంటుంది. దాని మడత బందు చాలా బాగుంది, ఈ రోజుల్లో అలాంటి బందు దొరకదు. బందు కోసం సీటు తెచ్చాను.

మార్చి 16, ఆదివారం

చెల్లెలితో సంభాషణ. వ్యానులో, డ్రైవరు సీటు వెనక నేను సీటు బిగిస్తున్నప్పుడు.

"ఇదేమిటన్నయ్యా?"

"ఆయిల్ డబ్బాలకి."

"ఆయిల్ డబ్బాలకి దిండు ఎందుకు?"

"సొట్టలు పడకుండా."

"వీపుకి ఆనుకునే పట్టీ?"

"వెనక్కి పడకుండా."

"నడుముకి బెల్టు కూడా ఉందే!"

"సడన్ బ్రేకు వేస్తే ముందుకి పడకుండా. మీ వదిన బ్రేకు ఎలా వేస్తుందో నీకు తెలీదా?"

 చెల్లెలు ఎక్కి సీట్లో కూర్చుని, పక్క తలుపు కిటికీలోంచి బయటికి చూసింది. "డబ్బాలకి బయటంతా బాగా కనబడుతుంది" అని దిగి వెళ్ళిపోయింది.

దానికి చిన్నప్పటినుంచీ అధికప్రసంగం ఎక్కువ.

మార్చి 24, సోమవారం

ర్యాకులు పూర్తయ్యాయి! ఇక్కడ అల్యూమినియానికి వెల్డింగు పెట్టేవాళ్ళు లేరు కాబట్టి మూలమూలకీ రేకు పట్టీలు వేసి రివిట్లు కొట్టాను. అన్నీ పలచటి పైపులే. కింద వరసలో మిషను తలలు, పై వరసలో బట్టలూ దారాలూ పెట్టెలూ. ఎక్కడా ఒక్క గ్రాము వృథా లేదు. అడ్డపట్టీలు కూడా కొన్ని తీసేశాను, అక్కర్లేదనిపించింది.

మా ఆవిడ చేత్తో ఊపి చూసింది. "పలచగా లేదూ?" అంది.

"బలం మందంలో ఉండదు, ఆకారంలో ఉంటుంది" అన్నాను. తిరుగులేని మాట. నేనే కనిపెట్టాను.

సంతోషంలో బండి గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్!" అన్నాను. అలవాటు.

"ఈ బండికి కండక్టరు లేడు" అంది మా ఆవిడ. మామూలుగానే అంది.

మార్చి 25, మంగళవారం

సామానంతా ఎక్కించి ఇద్దరూ ట్రయలుకి వెళ్ళారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. గంటలో వస్తామన్నవాళ్ళు అరగంటకే వచ్చారు.

ముందు మా ఆవిడ దిగింది. నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుంది. చెల్లెలు సీట్లోంచి లేవలేదు.

"ఏం కాలేదు అన్నయ్యా" అంది. "స్పీడు బ్రేకరు దగ్గర కాస్త ఎగిరాం, అంతే. మిషను తల ఒకటి నన్ను పలకరించడానికి ముందుకొచ్చింది."

వెనక తలుపు తీశాను. కింద వరస ముందుభాగం మోకాళ్ళ మీద కూర్చున్నట్టు ఒరిగిపోయింది. మిషను తల, ఇనపది, నేను రెండు చేతులా మోసేంత బరువు, చెల్లెలి సీటు వీపుకున్న రేకుకి గుద్దుకుని ఉంది. రేకు లోపలికి సొట్టపోయింది. సొట్ట ఆమె తల ఉండే ఎత్తులో ఉంది.

జోకులు వేస్తూనే ఉంది. నీళ్ళ బాటిలు మూత మాత్రం తీసుకోలేకపోయింది. నేను తీసిచ్చాను.

మార్చి 26, బుధవారం

పైపు విరగలేదు. రివిటు తెగలేదు. రివిటు కోసం నేను పొడిచిన బెజ్జం దగ్గర పైపు పలచటి గోడ చిరిగింది. కుదుపు కుదుపుకీ బెజ్జం కాస్త కాస్త సాగి, చిరిగింది. మందం ఉండుంటే చిరిగేది కాదు.

మార్చి 26, సాయంత్రం

అడ్డపట్టీలు ఉన్నా ఆగేది.

మార్చి 27, గురువారం

 పొద్దున్న కాఫీ ఇస్తూ మా ఆవిడ, "ఆ ర్యాకు అంత పలచగా ఎందుకు కట్టారు?" అని అడిగింది.

ఇక్కడ కూడా ఒక్కసారే అడిగింది.

"అల్యూమినియం ఎంతవరకు మోస్తుందో చూద్దామని కుతూహలం" అన్నాను. కాఫీ చల్లారేదాకా నా ఎదురుగానే కూర్చుంది. చల్లారాక తీసుకెళ్ళి మళ్ళీ వేడిచేసి తెచ్చింది.

మార్చి 28, శుక్రవారం

ఇనప కొట్టు.

"నేను ముందే యాంగిలు అన్నానా లేదా?" అన్నాడు కొట్టు ఆయన.

"యాంగిలు కాదు. స్క్వేరు పైపు. నిలువు కాళ్ళన్నీ ఇనుమే. కింద వరసంతా ఇనుమే. నాలుగు మూలలకీ అడ్డపట్టీలు. బండి అడుగు ఫ్రేముకి బోల్టు వెయ్యాలి, రేకుకి కాదు."

"మరి అల్యూమినియం?"

"పై వరసకి. అక్కడ బట్టలూ దారాలే కదా!"

వెల్డింగు పెడుతుంటే నల్ల అద్దంలోంచి చూశాను. నీలంగా, ఊదాగా, మధ్యలో చిన్న తెల్లటి చెరువు. రెండు ముక్కలూ ఆ చెరువులో దిగి ఒకటిగా బయటికొస్తాయి. రివిటుతో పట్టి ఉంచడం వేరు, ఇది వేరు. ఎంతసేపైనా చూడాలనిపించింది. "కళ్ళు పోతాయి కండక్టరు గారూ, దిగండి, మీ స్టాపు వచ్చింది" అన్నాడతను.

ఇనుము, అల్యూమినియం కలిసేచోటల్లా సైకిలు ట్యూబు కోసి పెట్టాను. నట్లన్నీ లోపల నైలాను ఉన్నవి వేశాను. ఎంత కుదిపినా వదులవ్వవట.

మొత్తం ర్యాకులు ఇప్పుడు డెబ్భై కిలోలు. నూట అయిదు నుంచి డెబ్భై. మిగులు ముప్పై అయిదు.

చాలదు. అరవై ఒకటికి ఇరవై ఆరు తక్కువ.

దేనికి చాలదని రాశానో నాకే తెలియదు. లెక్క అలవాటు.

మార్చి 30, ఆదివారం

ఆయిల్ డబ్బాల సీటు విప్పేశాను. లోపల అడ్డంగా ఉంది. షెడ్డులో గోడకి ఆనించి పెట్టాను. బందు మాత్రం నిజంగా మంచిది.

మా ఆవిడ వచ్చి, నేల మీద ఖాళీగా మిగిలిన నాలుగు బెజ్జాలనీ చూసింది.

ఏప్రిల్ 2, బుధవారం

కింద వరస మీద నేను ఎక్కి గెంతాను. చెల్లెలు కూడా ఎక్కి గెంతింది. తర్వాత దాన్నే ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆ స్పీడు బ్రేకరే మా ఆవిడ చేత మూడుసార్లు ఎక్కించాను. నేను రోడ్డు పక్కన నిలబడి చెవి పెట్టాను. ఒక్క చప్పుడు లేదు. మిషను తలలు బడిపిల్లల్లా కదలకుండా కూర్చున్నాయి.

"ఇది బాగుంది" అంది మా ఆవిడ. ఆమె అలా అనడం నేను విన్నది చాలా తక్కువ. మా పెళ్ళి ఫోటో చూసి కూడా "ఫ్రేము బాగుంది" అంది.

ఏప్రిల్ 5, శనివారం

వాళ్ళు లేని రోజుల్లో ఏం చేయాలో ఆలోచించుకున్నాను. రాగి గురించి చదవాలి. రాగి, ఇత్తడి, కంచు, ఒకదాంట్లో ఒకటి కలిస్తే రంగెందుకు మారుతుంది? బోలెడు పని ఉంది. తీరికే ఉండదు.

ఏప్రిల్ 6, ఆదివారం

తీరికే ఉండదు.

నా శాంపిల్స్ పెట్టె వ్యానులో కింద వరస మూలన, గోనె కింద పెట్టాను. ఇప్పటికి అందులో చాలా చేరాయి. దారిలో ఏదైనా విరిగితే వాళ్ళకి ఒక ముక్క అక్కరకి రావచ్చు. చెబితే వద్దంటారు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

రేపు ప్రయాణమనగా, సామాను నిండా ఎక్కించి లారీలు తూచే కాటా దగ్గరికి తీసుకెళ్ళి బరువు చూడాలని మా ఆవిడ అంది. మంచి ఆలోచన. నేను ఆటోలో వెనక వస్తానన్నాను. వాళ్ళిద్దరూ ముందు పోయారు.

నేను వెళ్ళేసరికి వ్యాను కాటా మీదకి ఎక్కకుండా పక్కనే ఆగి ఉంది. కాటా ఆయన గదిలోంచి తల బయటికి పెట్టి తొందరపెడుతున్నాడు. వెనక ఇసుక లారీ ఒకటి హారన్ కొడుతోంది.

"ఎక్కండి" అంది మా ఆవిడ స్టీరింగు దగ్గరనుంచి.

"నేనెందుకు?"

"బండి బరువు చూడాలంటే బండిలో ఉండేవన్నీ ఉండాలి కదా!"

పక్క తలుపు తీశాను. డ్రైవరు సీటు వెనక, మడత సీటు.

నేను షెడ్డులో పెట్టిన సీటు! వంగి చూశాను. నాలుగు బోల్టులు. ఒక్కోదానికి రెండేసి వాషర్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బోల్టు తలల మీది గాట్లన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. కుట్టుమిషను విప్పి మళ్ళీ బిగించేటప్పుడు గాట్లన్నీ ఒకేవైపు తిప్పి వదిలేది ఈ ఊళ్ళో ఒక్కరే. నేను వేసిన నాలుగు బోల్టులూ నాలుగు దిక్కులు చూసేవి.

ఏదో అనబోయాను. ముందునుంచి చెల్లెలు వెనక్కి తిరిగింది. "మాట్లాడకుండా కూర్చో అన్నయ్యా. వెనక లారీవాడు మనల్ని తినేసేలా ఉన్నాడు."

కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. బండి కాటా ఎక్కింది.

"మీరు చెప్పినదానికంటే ఇరవై కిలోలు ఎక్కువ!" అని అరిచాడు కాటా ఆయన.

మా ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నా మొహం కాదు, ర్యాకుల్ని. "ఉండకూడదే! పొద్దున్నే ఒక స్టాండు దించేశాను."

"స్టాండు ఎందుకు దించావు?" అన్నాను.

"దాని కాలు వంకరగా ఉంది."

"వంకరా లేదు, ఏమీ లేదు" అంది చెల్లెలు. "నేను మోశాను కదా! ఇరవై ఎనిమిది కిలోలట. వదిన ముందే తూచిపెట్టుకున్నట్టు చెప్పింది."

"కాలు వంకరగా ఉంది" అంది మా ఆవిడ మళ్ళీ.

బెల్టు తీసేశాను. "సరేలే. నేను దిగుతాను. నేనెలాగూ ఊరికే..."

"ఆ గోనె కింద ఏమిటి?"

 చెల్లెలు దిగి, వెనక తలుపు తీసి, గోనె లాగేసింది. పెట్టెని లేపబోయి "అమ్మో!" అని వదిలేసింది.

"శాంపిల్స్" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. ఇసుక లారీ డ్రైవరు కూడా దిగొచ్చి మూత తీసి చూశాడు. యాంగిలు ముక్క, స్క్వేరు పైపు ముక్క, జీఐ ముక్క, గాడుల కడ్డీ, బస్సు కడ్డీ, చిరిగిన పలచ పైపు, సీసాలోంచి తీసిన బోల్టు, ఇంకా పేరు తెలియనివి ఎన్నో. ఒక్కొక్కటీ జానెడే. జానెడు జానెడే ఇంత అవుతుందని నేను మాత్రం ఏనాడు తూచాను?

"ఒకటి దిగాలి" అంది మా ఆవిడ. "మీరైనా, పెట్టైనా. లారీ ఆయన్ని ఆపకండి."

బస్సు కడ్డీ ముక్కొక్కటి ఉంచుకోవచ్చా అని అడిగాను. వద్దంది. బోల్టు ఒక్కటీ? వద్దంది. పెట్టె కాటా ఆయన గది గుమ్మంలో దింపాం. నేనూ, లారీ డ్రైవరూ చెరోవైపు పట్టాం. "ఇవన్నీ నేనేం చేసుకోవాలండీ?" అన్నాడు కాటా ఆయన. రెండు చేతుల్లోనూ ఒక్కో ముక్క పట్టుకుని పిండి చూడమన్నాను. నేను వచ్చేసేసరికి పిండి చూస్తున్నాడు.

మళ్ళీ ఎక్కి కూర్చున్నాను. మళ్ళీ తూచారు. సరిపోయింది. అయస్కాంతం నా చొక్కా జేబులోనే ఉంది. అది ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంజను నడుస్తోంది. బండి కదల్లేదు. వెనకనుంచి లారీ హారన్. అద్దంలో మా ఆవిడ కళ్ళు కనబడుతున్నాయి.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలేదు. మీరింకా చెప్పలేదు."

ర్యాకు ఇనప కాలు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. "రైట్!" అన్నాను. బండి కదిలింది.

ఏప్రిల్ 9, బుధవారం

దారిలో. సీటు గట్టిగా ఉంది. ఆయిల్ డబ్బాలు చెల్లెలి కాళ్ళ దగ్గర ఉన్నాయి, తిడుతోంది. పై వరసలో ఎడమవైపు ఏదో సన్నగా గుయ్యిమంటోంది. రబ్బరు వేయని చోటు ఒకటి మిగిలిపోయినట్టుంది. ఎక్కడో తెలియాలి. ఆగినప్పుడు చూస్తాను.